లెక్క ఎక్కడ తప్పిందో ముందు చూద్దాం

"అన్నా, మా పిల్లోడికి లెక్కలు రావడం లేదు. టౌన్లో లెక్కల సెంటర్ పెట్టారంట. అందులో వెయ్యమంటారా, ట్యూషన్ మాస్టారి దగ్గిరికి పంపమంటారా?"

ఈ మధ్య ఏ పల్లెకి పోయినా మాకు ఈ ప్రశ్న ఎదురవుతోంది. సభ అయిపోయి, మైకు విప్పి, జెండాలు చుట్టేటప్పుడు ఒక తల్లి పక్కకి వచ్చి మెల్లగా అడుగుతుంది. ఆమె వెనకాల పిల్లోడు తల దించుకుని నిలబడి ఉంటాడు. భూమి గురించి, దాడుల గురించి, రిజర్వేషన్ల గురించి గంటసేపు మాట్లాడిన మాకు ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం చేతకాలేదు. "ఏదో ఒకదాంట్లో వెయ్యమ్మా" అని తప్పించుకుని వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఆ తప్పు ఒప్పుకుంటూ ఈసారి సంపాదకీయం ఈ ప్రశ్నకే ఇస్తున్నాం.

"ట్యూషన్ల గురించి సంపాదకీయమా, ఇదేం ఉద్యమం?" అని కొందరు మిత్రులు నవ్వారు. నవ్వేవాళ్ళని ఒకటి అడుగుతున్నాం. మన తాతల్ని జీతగాళ్ళుగా కట్టేసింది ఒక్క కర్రేనా? చిట్టా కూడా కట్టేసింది. దొర రాసుకున్న లెక్క తాతకి చదవడం రాదు. ఎంత తీర్చినా బాకీ తీరలేదంటే ఎందుకు తీరలేదో అడిగే అంకెలు తాత దగ్గిర లేవు. వెట్టి కూలిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. చట్టమైతే వచ్చింది గానీ, నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతమని ఇవాళ్టికీ మన పల్లెలో ఎంతమందికి తెలుసు? మేస్త్రి దగ్గిర కూలి లెక్క, ఉపాధి హామీ పని కొలతలు, గ్రూపు అప్పు కంతులు అన్నీ అంకెలే. లెక్క తెలియనోడు ఎదురు తిరగలేడు. అందుకే ఇది ఉద్యమం ప్రశ్నే.

బాబాసాహెబ్ జీవితంలో ఒక సంగతి అందరికీ తెలిసిందే. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో టీచరు ఆయన్ని బోర్డు దగ్గిరికొచ్చి లెక్క చెయ్యమన్నాడు. వెంటనే పై కులాల పిల్లలు లేచి అరుచుకుంటూ బోర్డు దగ్గిరికి పరిగెత్తారు. బోర్డు వెనకాల వాళ్ళ అన్నం డబ్బాలున్నాయి. భీమ్ చెయ్యి బోర్డుకి తగిలేలోపు డబ్బాలు పక్కకి లాగేసుకోవాలి, అదీ వాళ్ళ తొందర. ఆ తర్వాతే ఆయన బోర్డుని తాకాడు. మన బిడ్డకీ బోర్డుకీ మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం పెడుతూనే ఉన్నారు. అప్పుడు అన్నం డబ్బా, ఇప్పుడు ఫీజు రసీదు.

సెంటరా ట్యూషనా అని తేల్చే ముందు పిల్లోడికి ఏం రావడం లేదో చూడాలి. "లెక్కలు రావు" అనేది జబ్బు పేరు కాదు. కడుపు నొప్పి అంటే డాక్టరు ఎక్కడ నొప్పి అని అడుగుతాడు గదా, ఇక్కడా అంతే.

మన పిల్లలకి లెక్క రాదన్నమాట నిజం కాదు. వాళ్ళమ్మతో సంతలో కూరగాయలమ్మే పిల్ల నోటితో లెక్క కట్టి చిల్లర ఇస్తుంది. అదే పిల్ల బళ్ళో నోటు పుస్తకం ముందు బిక్కమొహం వేస్తుంది. 1985లో బ్రెజిల్ దేశంలో ముగ్గురు పరిశోధకులు రెసిఫె నగరపు వీధుల్లో సరుకులమ్మే పిల్లల్ని పరీక్ష చేశారు. బజార్లో అడిగినప్పుడు నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పిన పిల్లలు, అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే చెయ్యగలిగారు. 2025లో కలకత్తా, ఢిల్లీ బజార్ల పిల్లల మీద ఇలాంటి పరిశీలనే జరిగితే ఫలితం ఇంచుమించు అట్లాగే వచ్చింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. బడికి పోయి కాగితం మీద లెక్కలు చేసే పిల్లలు బజారు లెక్క దగ్గిర తడబడ్డారు. అంటే మన పిల్లల బుర్రలో లోటు లేదు. వాళ్ళ నోటి లెక్కకీ బడి పలక మీది లెక్కకీ మధ్య వంతెన వేసినవాళ్ళు లేరు. లోటు అక్కడుంది.

ఇది మన పల్లెల సంగతే కాదు. దేశమంతా పల్లెటూళ్ళలో తిరిగి పిల్లల చదువు చూసే అసర్ సర్వే 2022లో తేల్చిందేమిటంటే, అయిదో తరగతి పిల్లల్లో మామూలు భాగహారం చెయ్యగలిగింది నూటికి 26 మంది లోపే. 2024లో అది 31 దాకా పెరిగింది. మిగతా 69 మంది ఎవరి పిల్లలో మేం చెప్పాలా? అదే సర్వే 2022లో డబ్బు కట్టి ట్యూషన్‌కి పోయే పిల్లలు నూటికి 30 మందని కూడా చెప్పింది. నాలుగేళ్ళ ముందు 26. బడి చెప్పనిది బజార్లో కొనుక్కోవాల్సి వస్తోందన్నమాట.

కాబట్టి తల్లులకీ తండ్రులకీ మొదటి మాట ఇది. ఎక్కడా డబ్బు కట్టకముందు ఇంట్లో ఒక కాగితం ఇచ్చి రెండు లెక్కలు చెయ్యించండి. మీకు రాకపోతే పల్లెలో ఇంటర్ చదివే పిల్లని పిలవండి.

ఒకటి: 304 లోంచి 178 తియ్యమనండి. సరైన జవాబు 126. కానీ చాలామంది పిల్లలు 274 అని రాస్తారు. ఎందుకు? 4 లోంచి 8 పోదు కాబట్టి 8 లోంచి 4 తీస్తారు. సున్నా లోంచి 7 పోదు కాబట్టి 7 అట్లాగే దింపుతారు. పై అంకె, కింది అంకె చూడకుండా పెద్ద దాంట్లోంచి చిన్నది తియ్యడమే తీసివేత అనుకున్నాడు పిల్లోడు. వాడు బద్ధకస్తుడు కాదు. ఒక తప్పు సూత్రాన్ని చాలా నమ్మకంగా పాటిస్తున్నాడు. పదుల స్థానం, వందల స్థానం అంటే ఏంటో, అప్పు తెచ్చుకోవడమంటే ఏంటో మూడో తరగతిలో ఎవరూ కూచోబెట్టి చెప్పలేదు.

రెండు: 843 రూపాయల్ని నలుగురికి సమంగా పంచమనండి. మనిషికి 210, మిగిలేది 3. పిల్లోడు 21 అని రాస్తే సున్నా దగ్గిర ఆగిపోయాడని అర్థం. "ఒరే, ఎనిమిది వందలు నలుగురికి పంచితే మనిషికి 21 వస్తయ్యా?" అని అడిగి చూడండి. పిల్లోడు నవ్వుతాడు, తప్పు తనే పట్టుకుంటాడు. ఆ నవ్వు దగ్గిర చదువు మొదలవుతుంది.

ఇప్పుడు సెంటర్ల సంగతి చూద్దాం. ఇవాళ ప్రపంచమంతా నడుస్తున్న లెక్కల సెంటర్లలో పేరున్నది కుమాన్. దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1954లో జపాన్‌లో తోరు కుమాన్ అనే హైస్కూలు లెక్కల మాస్టారు ఉండేవాడు. రెండో తరగతి చదివే ఆయన కొడుకు లెక్కల్లో వెనకబడ్డాడు. ఇంట్లో ఆమె కాస్త చూడమంటే ఆయన రోజూ కొన్ని లెక్కలు కాగితం మీద రాసి కొడుకు చేత చెయ్యించాడు. తేలికవి ముందు, కష్టమైనవి తర్వాత. అదే పెరిగి కంపెనీ అయింది. అంటే ఇంత పెద్ద సెంటరు కూడా మొదలైంది ఒక తండ్రి తన కొడుక్కి ఇంట్లో చెప్పుకున్న పాఠంగానే. సెంటర్లలో మంచి ఏమన్నా ఉంటే అది ఇదే: పిల్లోడు ఏ తరగతిలో ఉన్నాడని కాకుండా ఎక్కడ ఆగాడో అక్కడినుంచి మొదలుపెట్టడం, రోజూ కొంచెం చెయ్యించడం. అడుగున పునాది ఉండి చెయ్యి తిరగని పిల్లోడికి ఇది పనికొస్తుంది.

కానీ టౌన్లో బోర్డు కట్టిన ప్రతి సెంటరూ ఇట్లా నడవదు. చాలా చోట్ల అందరికీ ఒకే కాగితాలు ఇస్తారు. గడియారం పెట్టి వేగం నేర్పుతారు. 274 అని తప్పుగా రాసే పిల్లోడికి వేగం నేర్పితే ఏమవుతుంది? అదే తప్పు ఇంకా తొందరగా రాస్తాడు. అబాకస్ పూసలు చూపించి, కళ్ళు మూసుకుని కూడికలు చేసే పిల్లల్ని వేదికెక్కించి ఫీజులు వసూలు చేస్తారు. కూడికల వేగం వేరు, భిన్నాలూ బీజగణితం అర్థం కావడం వేరు. పదో తరగతి పరీక్షలో పూసలు లెక్కపెట్టమని అడగరు.

ఇక "వేద గణితం" అనే బోర్డు. అది చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టేవాళ్ళు మనలోనూ తయారయ్యారు. పూరీ శంకరాచార్యుడొకాయన రాసిన పుస్తకం, ఆయన పోయాక 1965లో అచ్చయింది. ఆ సూత్రాలు తెలిసిన అథర్వవేద ప్రతుల్లో కనపడవని ఆ పుస్తకం సంపాదకుడే ముందుమాటలో ఒప్పుకున్నాడు. ఎస్.జి. దానీ లాంటి గణితవేత్తలు 1990ల్లోనే ఇందులో వేదమూ లేదు, పెద్ద గణితమూ లేదు, కొన్ని గుణకారపు కిటుకులే ఉన్నాయని తేల్చి చెప్పారు. వేదం వింటే చెవుల్లో సీసం పొయ్యమన్న ధర్మం మనది కాదు. ఇప్పుడదే పేరు పెట్టి మన దగ్గిరే ఫీజు తీసుకుంటామంటే మనం ఎందుకు కట్టాలి?

ట్యూషన్ సంగతి. పక్కన కూచుని ఒక్కో పిల్లోడికి చెప్పే చదువుకి బలముంది. 1984లో అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ అనే పండితుడు దీన్ని లెక్కేశాడు. ఒక్కడికే కూచోబెట్టి చెప్పించుకున్న సగటు పిల్లోడు, మామూలు తరగతిలో నూటికి 98 మంది కన్నా ముందున్నాడన్నాడు. తర్వాత వచ్చిన పరిశోధనలు అంత తేడా లేదన్నాయి గానీ, మంచి తేడానే ఉందని ఒప్పుకున్నాయి. కారణం తేలికే. పక్కనున్న మనిషి పిల్లోడి పెన్సిల్ ఎక్కడ ఆగిందో చూస్తాడు. నలభై మంది ఉన్న గదిలో అది కనపడదు.

కానీ మన పల్లె పిల్లలకి దొరికే ట్యూషన్ అదేనా? ఒక అరుగు మీద ముప్ఫై మంది, అన్ని తరగతులూ కలిపి. మాస్టారు జవాబులు చెప్తాడు, పిల్లలు రాసుకుంటారు, హోంవర్కు పూర్తవుతుంది, తల్లి సంతోషిస్తుంది. పరీక్షలో పిల్లోడికి మళ్ళీ సున్నా. ఇది ట్యూషన్ కాదు, బడి చేసిన తప్పునే సాయంత్రం రెండోసారి చెయ్యడం.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఊళ్ళో మాస్టారింటికి ట్యూషన్‌కి పోయే మన పిల్లలు ఎక్కడ కూచుంటున్నారు? లోపల చాప మీదా, బయట గడప పక్కనా? దాహమైతే ఏ గ్లాసులో నీళ్ళిస్తున్నారు? "నీ కులపోళ్ళకి లెక్కలెక్కడొస్తయిరా, రిజర్వేషన్ ఉందిగా" అని ఒక్కసారి అన్నా ఆ పిల్లోడు జన్మలో చెయ్యెత్తి డౌటు అడగడు. సాతారా బళ్ళో గోనెపట్టా మీద విడిగా కూచున్న పిల్లోడి కథ మనం జయంతికి జయంతికి చెప్పుకుంటాం. మన బిడ్డ కూచున్న చోటు చూసి రావడానికి మాత్రం మనకి తీరిక ఉండదు. ట్యూషన్‌కి పంపే తల్లిదండ్రులు ఒకసారి చెప్పకుండా పోయి చూసి రండి. సెంటరులో కులం అడగరు, నిజమే. అక్కడ వాకిట్లోనే ఫీజు అడుగుతారు, లోపల కులం అడిగే అవసరమే రాదు.

మరి ఏది ఎంచుకోవాలి? పిల్లోడికి కిందితరగతుల లెక్కే అర్థం కాకపోతే సెంటరు కాగితాలతో లాభం లేదు. పక్కన కూచుని ఓపిగ్గా చెప్పే మనిషి కావాలి. అయిదారుగురికి మించని ట్యూషన్ కావాలి. అదీ ఏళ్ళ తరబడి కాదు, కొన్ని నెలలు. అర్థమైంది గానీ చెయ్యి తిరగలేదంటే కాగితాల అభ్యాసం చాలు. దానికి సెంటరే అక్కర్లేదు, పాత పుస్తకాల్లోంచి రోజూ పది లెక్కలు ఇంట్లో చెయ్యించినా చాలు. ఎక్కడ వేసినా ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఒక మాస్టారికి ఎంతమంది పిల్లలు? మా పిల్లోడు ఎక్కడ ఆగాడో ఎట్లా కనుక్కుంటారు? నెల తర్వాత ఏం నేర్చుకున్నాడో మాకెట్లా చూపిస్తారు? జవాబు చెప్పకుండా రంగు కాగితం చేతిలో పెడితే లేచి వచ్చెయ్యండి.

డబ్బు లెక్క కూడా వేసుకోండి. నెలకి వెయ్యి అనుకుంటే పది నెలలకి 10,000. బస్సుకి రోజుకి 40 చొప్పున నెలకి 12 రోజులు పోతే పది నెలలకి 4,800. మొత్తం 14,800. ఇది మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీయే 5,328. రిజిస్టరైన పెద్ద సెంటరైతే ఫీజు మీద 18 శాతం జిఎస్టి, వెయ్యికి 180. సర్కారు బళ్ళో లెక్కల టీచరు లేక మనం బయట కొనుక్కుంటే, ఆ కొన్నదాని మీద సర్కారు పన్ను తీసుకుంటుంది. లెక్క నేర్పడానికని అప్పుచేసి, ఆ అప్పు లెక్కలో మునిగిపోవద్దు తల్లీ.

ఇంకొకటి. మమ్మల్ని అడిగినవాళ్ళు ఎక్కువగా కొడుకుల గురించే అడిగారు. "మరి పాప సంగతి?" అంటే "దానికెందుకన్నా, ఎట్లాగూ పెళ్ళి చేస్తాం" అన్నారు. తెలంగాణలో 2023 నుంచి, ఆంధ్రలో 2025 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు, కాబట్టి చార్జీ వంక చెల్లదు. చీకటి పడ్డాక ఒంటరిగా రావాలనే భయం నిజమే. ఆ భయానికి మందు పల్లెలోనే చదువు పెట్టుకోవడం, పిల్లని ఇంట్లో కూచోబెట్టడం కాదు. ఇంటి ఖర్చూ, గ్రూపు అప్పూ రేపు లెక్క చూసుకోవాల్సింది ఆ పిల్లే.

అసలు బాకీదారుని మర్చిపోవద్దు. సెంటరా, ట్యూషనా అనే బేరంలో పడి మనం బడిని వదిలేస్తున్నాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక బళ్ళో 30 మంది పిల్లలకి ఒక టీచరుండాలని, ఆరు నుంచి ఎనిమిది తరగతులకి సైన్సు, లెక్కలు చెప్పే టీచరు తప్పకుండా ఉండాలని అందులోనే రాసుంది. బళ్ళో పనిచేసే టీచరు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని 28వ సెక్షన్ చెప్తోంది. పొద్దున బళ్ళో చెప్పని లెక్క సాయంత్రం ఇంట్లో డబ్బుకి చెప్పేవాణ్ణి అడగడానికి మనకి చట్టముంది. బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్ళుండాలి. మన పల్లె నుంచి ఆ కమిటీలో ఎవరున్నారు? ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టి వస్తున్నారా, లెక్కల టీచరు ఏడని అడుగుతున్నారా?

బడి బాగుపడేదాకా పిల్లలు ఆగలేరు, అదీ నిజమే. ఏడో తరగతి పిల్లకి ఈ ఏడాది మళ్ళీ రాదు. అందుకే మూడో దారి చెప్తున్నాం. అది కొత్తదేం కాదు. ఫూలే దంపతులు 1855లోనే కూలోళ్ళకీ రైతులకీ రాత్రిబడి పెట్టారు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఆది హిందూ పిల్లల కోసం బడులు నడిపాడు. 2001 నుంచి 2003 దాకా బొంబాయి, వడోదర మునిసిపల్ బళ్ళలో ఒక ప్రయోగం జరిగింది. వాడల్లోనే ఉండే చదువుకున్న అమ్మాయిల్ని పెట్టి, వెనకబడ్డ పిల్లల్ని పదిహేను, ఇరవై మంది చొప్పున విడిగా కూచోబెట్టి, రోజుకి రెండు గంటలు అక్షరాలూ అంకెలూ మళ్ళీ మొదటినుంచి చెప్పించారు. పిల్లలు లెక్కల్లో బాగా ముందుకొచ్చారని పరిశోధకులు తేల్చారు. పెద్ద డిగ్రీలు కాదు, పిల్లోడు ఆగిన చోటికి దిగి రావడం పనిచేసింది.

మన పల్లెల్లో డిగ్రీ చదివి ఇంట్లో కూచున్న పిల్లలు లేరా? అంబేడ్కర్ భవనాలున్నాయి, కమ్యూనిటీ హాళ్ళున్నాయి, చర్చి వరండాలున్నాయి. అందులో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక బల్బు వెలిగితే చాలు. అయితే ఒక హెచ్చరిక. చదువుకున్న మన బిడ్డల చేత ఊరికే పని చెయ్యించుకోవద్దు. వెట్టి వద్దన్న మనమే సేవ పేరుతో వెట్టి పెట్టకూడదు. ఇరవై ఇళ్ళు నెలకి వంద చొప్పున వేసుకుంటే రెండు వేలు. అది తక్కువే. మిగతాది ఎవరు వెయ్యాలి? మన రిజర్వేషన్‌తో ఉద్యోగాలొచ్చి, టౌన్లో ఇల్లు కట్టుకుని, పండక్కి మాత్రం పల్లెకొచ్చే అన్నలు, అక్కలు వెయ్యాలి. డబ్బు లేకపోతే ఆదివారం వచ్చి రెండు గంటలు లెక్కలు చెప్పాలి. టీచరు ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళని మేము మొహమాటం లేకుండా అడుగుతున్నాం. నువ్వు పుట్టిన వాడలో ఎంతమంది పిల్లలకి భాగహారం వచ్చో నీకు తెలుసా?

పెద్దకూతుళ్ళ నగలు కుదువ పెట్టి భీమ్‌కి పుస్తకాలు కొన్నాడు రామ్‌జీ సక్‌పాల్. మన తల్లులు కూడా ఆ పనికి వెనకాడరని మాకు తెలుసు. అందుకే ఆ నగ ఎక్కడ పెడుతున్నారో చూసి పెట్టమంటున్నాం.

వచ్చే ఆదివారం ప్రతి పల్లెలో ఒక పని చెయ్యండి. పిల్లలందర్నీ ఒక చోట కూచోబెట్టి 304 లోంచి 178 తియ్యమనండి. ఎంతమంది 126 రాశారో, ఎంతమంది 274 రాశారో పేర్లు రాసుకోండి. తప్పు రాసిన పిల్లల్ని తిట్టొద్దు. ఆ కాగితం పట్టుకుని సోమవారం పొద్దున పదిమంది కలిసి బడికి పోండి, హెడ్మాస్టర్ బల్ల మీద పెట్టి అడగండి. సాయంత్రం అదే కాగితం పట్టుకుని భవనం తాళం తియ్యండి. మీ పల్లెలో ఏం తేలిందో మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.

జై భీమ్.